ఎల్కతుర్తి అమ్మాయికి వచ్చిన ఉత్తరాలు

కాజీపేట నుంచి ఫోను వచ్చేసరికి నేను హైదరాబాదులో ఆఫీసు మెట్లు దిగుతున్నాను. "నాన్నగారి పెద్ద కర్మ మొన్ననే అయిపోయింది సార్. ఆయన ఇనప్పెట్టెలో మీ పేరు రాసిన ఫైలు ఒకటి దొరికింది. మీరు వచ్చి తీసుకుంటారా, పాత కాగితాల్లో వేసేయమంటారా?" అని అడిగాడు అవతలి అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ ఆయనకూ యాభై దాటే ఉంటాయి. నా లెక్కలో ఆ ఇంట్లో ఎవరికీ వయసు పెరగలేదు.

ఆదివారం పొద్దున్నే రైలెక్కి కాజీపేటలో దిగి, సోమిడి వైపు నడిచాను. ఇల్లు మారలేదు. ముందు గదిలో గోడకు ఆయన ఫొటో, దానికి కొత్త దండ. అబ్బాయి ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అట్ట తెరవగానే వాసన కొట్టింది. మైదా జిగురు, అందులో మైలుతుత్తం.

ఆ వాసన తెలియనివాళ్ళు పాత పుస్తకాల వాసన అనుకుంటారు. నాకు మాత్రం అది రాత్రి పదకొండు గంటల వాసన. మైదాను నీళ్ళలో ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, చొట్టలు పడిన అల్యూమినియం గిన్నెలో ఉంచేవాళ్ళం. పత్రిక కట్టల మీద ఊళ్ళ పేర్ల చీటీలు అంటించడానికి అదే, పాఠకుల ఉత్తరాలు రిజిస్టరులో అతికించడానికీ అదే. ఎప్పుడైనా జిగురు సీసా ఖాళీ అయితే పేజీలో వార్త అతికించడానికి కూడా అదే. ఆయనా ఇంట్లో మైదా ఉడికించుకుని, నేను రాసిన శీర్షికను వారం వారం కత్తిరించి తెల్లకాగితాల మీద అతికించుకున్నారన్నమాట.

*

పత్రిక పేరు ఎందుకులెండి, ఇప్పుడది లేదు. వరంగల్‌లో, మట్టెవాడ వైపు ఒక సందులో ఉండేది ఆఫీసు. కింద అచ్చు యంత్రం, పైన మేము. యంత్రం తిరగడం మొదలైతే మా బల్ల మీద టీ గ్లాసులో అలలు లేచేవి. ఆ అలల లెక్కతోనే కింద ఎన్నో వందో ప్రతి నడుస్తున్నదో చెప్పగల ఫోర్‌మన్ ఒకరు మాకు ఉండేవారు. అందరం పెద్దన్నా అనేవాళ్ళం.

పెద్దన్న సీసపు అక్షరాల కాలం మనిషి. కేసు అనే అక్షరాల గళ్ళ పెట్టె ముందు నిలబడి, అక్షరాలు పేర్చే స్టిక్కు చేతిలో పట్టుకుని, కళ్ళు రాతప్రతి మీద ఉంచి, చేయి దానంతటది గళ్ళలో అక్షరాలు ఏరుకుంటుంటే చూడాలి. తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల గళ్ళు. ఏ గడిలో ఏముందో ఆయన వేళ్ళకు తెలుసు. పేజీని తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి చదివి తప్పు పట్టేవారు. తిన్నగా ఉన్న పేజీ ఇస్తే మాత్రం తడబడేవారు. నేను చేరేనాటికి ఆ కేసులన్నీ ఓ మూలకు చేరాయి. రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, ఒక తెలుగు ఫాంటు. లేజర్ ప్రింటరు నుంచి పల్చటి కాగితం మీద వార్త వచ్చేది, దాన్ని బ్లేడుతో కోసి అద్దం బల్ల మీద, కింద ట్యూబులైటు వెలుగుతుంటే, పేజీగా అతికించేవాళ్ళం. కోసిన ముక్కల్లో ఒక కొమ్మో, ఒక సున్నో విడిపోయి ఎవరి చొక్కాకో అంటుకుని ఇంటికి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

"సీసపు అక్షరం కిందపడితే చప్పుడైనా అవుతుంది. ఇది ఎటు పోయిందో ఎలా తెలుస్తుంది?" అనేవారు పెద్దన్న, తెర వైపు అనుమానంగా చూస్తూ.

ఆయన అనుమానం నిజం కూడా. ఆ రోజుల్లో తెలుగు ఫాంటు అంటే ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు వేషం వేయడమే. కంప్యూటరు కడుపులో ఉన్నది ఏదో ఇంగ్లీషు గుర్తు, పైకి కనిపించేది మన 'ప'. తలకట్టుకు ఒక మీట, ఒత్తుకు ఇంకొకటి. కరీంనగర్ విలేకరి ఫ్లాపీలో వార్త పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిస్తే, హనుమకొండ బస్టాండులో మా ఆఫీసు కుర్రవాడు అందుకుని సైకిలు మీద తెచ్చేవాడు. తీరా తెరిస్తే ఆయన దగ్గరున్న ఫాంటు వేరు, మా దగ్గరున్నది వేరు. కలెక్టరుగారి సమీక్షా సమావేశం అంతా డాలరు గుర్తులు, కుండలీకరణాలు, విసర్గలు. ఆ ఫ్లాపీలో పట్టేది ఒకటిన్నర మెగాబైటు కూడా కాదు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో దూరదు. ఫోనుచేసి ఆయన చదువుతుంటే నేను మళ్ళీ చేత్తో రాసుకునేవాణ్ణి. పరుగులు తీస్తున్న సాంకేతికత గురించి ఆ పక్క బల్ల మీదే వ్యాసం తయారవుతుండేది. రాసేది కూడా నేనే.

*

నాకిచ్చిన పని పాఠకుల ఉత్తరాలు చూడటం. కొత్తగా చేరినవాళ్ళకు అదే ఇస్తారు, పెద్ద ప్రమాదం ఉండదని. పోస్టుకార్డు పదిహేను పైసలున్న రోజుల చివర్లో చేరాను. అది పావలా అయింది కూడా నేనక్కడ ఉండగానే. ధర పెరిగాక అక్షరాలు చిన్నవయ్యాయి. డబ్బు గిట్టుబాటు చేసుకోవాలిగా. కార్డు నాలుగు అంచులా రాసి, చిరునామా వైపు మిగిలిన జానెడు జాగాలో అడ్డంగా రాసి, అదీ చాలక మొదటి పంక్తి మీద ఉన్న సందులో 'తా.క.' ఇరికించేవారు.

నర్సంపేట నుంచి ఒక మాస్టారు మా భాషా దోషాలను ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి పంపేవారు. వందకు ముప్ఫై అయిదు దాటి ఎప్పుడూ ఇవ్వలేదు. పరకాల నుంచి ఒకాయన ఏ విషయం మీద ఉత్తరం రాసినా చివరికి చలివాగు వంతెన దగ్గరికి తెచ్చి ఆపేవారు. వరంగల్‌లోని ఆజం జాహీ బట్టల మిల్లు మూతపడటం మీద వచ్చిన ఉత్తరాలు వేరే కట్ట. 1934లో మొదలైన మిల్లు, దాని సైరనును బట్టి ఊరంతా గడియారాలు సరిచేసుకున్నది. ఆ ఉత్తరాల్లో వాదన తక్కువ, లెక్కలు ఎక్కువ. ఎన్నేళ్ళ సర్వీసు, ఎంత రావాలి, ఎంత వచ్చింది.

ఉత్తరం అంటే పేరు, ఊరు, సంతకం ఉండాలి. లేనిది వేసేవాళ్ళం కాదు. తిట్టినా సరే, ఇంటి నంబరుతో సహా తిట్టేవారు. కావాలంటే వచ్చి మాట్లాడుకోవచ్చునన్నట్టు. కొందరు నిజంగానే వచ్చేవారు కూడా. పైకి వచ్చి, టీ తాగి, తిట్టదలచుకున్నది మరచిపోయి, మా చుట్టరికాలు తవ్వుకుని వెళ్ళిన వాళ్ళున్నారు.

*

సంపాదకుడికి ఎవరో చెప్పారు, పెద్ద పత్రికలన్నీ కంప్యూటర్ల మీద శీర్షికలు వేస్తున్నాయని. వారానికోసారి పావు పేజీ. పాఠకుల ప్రశ్నలు, మన జవాబులు. "నువ్వు బి.ఎస్సీ కదా, చూసుకో" అన్నారు. నేను చదివింది వృక్షశాస్త్రం.

ప్రకటన వేశాం. వారం చూశాం. ఒక్క ప్రశ్న రాలేదు. కారణం సులువే. కంప్యూటరు చూసినవాడికి కదా ప్రశ్న పుట్టేది! గురువారం సాయంత్రానికి పావు పేజీ ఖాళీగా ఉంది. కింద యంత్రం ఆగదు. ప్రశ్నలు నేనే రాశాను.

అది తప్పని తెలుసు. అయినా ఆ వేళకు అది తప్పుగా కాక ఒడుపుగా కనిపించింది. పేర్లు కావాలి, ఊళ్ళు కావాలి. ఆ ఉదయం హనుమకొండ బస్టాండులో హుజూరాబాద్ బస్సు గురించి మైకులో చెబుతుంటే ఎల్కతుర్తి పేరు వినబడింది. బాగుంది అనిపించింది. ఎల్కతుర్తి డిగ్రీ విద్యార్థిని ఒకరు పుట్టారు. ఆమె అడిగింది: "మా ఇంట్లో కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు నాకు ఈమెయిల్ వస్తే అది ఎక్కడికి పోతుంది?" నేను ధీమాగా జవాబిచ్చాను: "ఎక్కడికీ పోదు. మీరు ఇంట్లో లేనప్పుడు పోస్టుమాన్ తలుపు సందులోంచి వేసి వెళ్ళినట్టు మీ పెట్టెలో పడి ఉంటుంది."

నాలుగోరోజు కార్డు వచ్చింది. కాజీపేట, 506003. ముత్యాల్లాంటి అక్షరాలు. "సంపాదకులు గారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలు. ఆ అమ్మాయి ప్రశ్న చక్కనిదట, నా జవాబు తప్పట. "తలుపు సందులోంచి వేస్తే ఉత్తరం ఇంట్లో పడినట్టు. మీరు చెప్పేదాని ప్రకారం ఉత్తరం ఇంటికి రానే లేదు. పోస్టాఫీసులోనే ఉన్నది. ఆమె వెళ్ళి తెచ్చుకోవాలి. మా శాఖలో దానిని పోస్టు బాక్సు అంటారు, పోస్టాఫీసులో అద్దెకు ఇస్తారు. వీధి చివర ఉండే ఎర్ర డబ్బా వేరు, ఇది వేరు. జనం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు గనుక మీరూ పొరబడి ఉంటారు. ఇంతకూ ఆ పెట్టెలో ఎంత పడుతుంది? నిండితే ఉత్తరాన్ని ఏమి చేస్తారు?"

కింద సంతకం, దాని కింద 'విశ్రాంత సార్టర్, ఆర్.ఎం.ఎస్.'

రైల్వే మెయిల్ సర్వీసులో ముప్ఫై ఏడేళ్ళు పనిచేసిన మనిషి. నడిచే రైలు పెట్టెలో, ఊగుతూ నిలబడి, రాత్రంతా ఉత్తరాలను గళ్ళలోకి విసిరిన మనిషి. కంప్యూటరును ఆయన దూరం నుంచి కూడా చూడలేదు. కానీ ఉత్తరం ఎలా నడుస్తుందో ఆయనకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు.

నిజానికి నాకూ జవాబు తెలియదు. హనుమకొండ చౌరస్తా దగ్గర కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్ళాను. గంటకు అరవై రూపాయలు. నా జీతంతో చూస్తే అది సినిమా, హోటలు భోజనం, ఇంటికి రిక్షా కలిపినంత. మోడెం కీచుమంటూ గుక్కపట్టి, ఆగి, మళ్ళీ గుక్కపట్టి, చివరికి దారికి వచ్చేది. అందరూ వాడుతున్నది హాట్‌మెయిల్. 1996లో ఒక భారతీయుడు, ఒక అమెరికన్ కలిసి మొదలుపెడితే మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నది. ఉచితంగా ఇచ్చే పెట్టె రెండు మెగాబైట్లు. నిండితే కొత్త ఉత్తరం పంపినవాళ్ళకే తిరిగిపోతుంది. ఇదంతా తెలుసుకుని ఆ వారం జవాబు దిద్దుకున్నాను. పెద్దాయన పేరు వేసి కృతజ్ఞతలు చెప్పాను. ఆ శీర్షికలో నేను రాసిన మొదటి నిజమైన జవాబు అది.

*

అక్కడి నుంచి వారం తప్పకుండా కార్డు. కాకపోతే నాకు కాదు. "చి॥ ఎల్కతుర్తి అమ్మాయికి ఆశీస్సులు" అని మొదలయ్యేవి. ఆమె పేరు మీద నేను ఏది అడిగితే దాని గురించి తన శాఖ నుంచి ఒక పోలిక తెచ్చి చెప్పేవారు. నా జవాబు కింద ఆయన కార్డు వేసేవాణ్ణి. చదివేవాళ్ళు దేనికోసం చదువుతున్నారో నాకు త్వరలోనే అర్థమైంది.

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీద చిరునామా, వరస సంఖ్య వేసి పంపుతారని రాశాను. ఆ ముక్కలు వేరు వేరు దారుల్లో వెళ్ళి అవతల మళ్ళీ కలుస్తాయని కూడా రాశాను. ఆయన కార్డు: "అమ్మాయీ, కాజీపేట జంక్షనుకు వచ్చి చూడు. ఇటు సికింద్రాబాద్, అటు బల్లార్షా, ఇంకోవైపు బెజవాడ. ఢిల్లీకి పోవలసిన సంచికి ఒక బండి తప్పితే మరో దారి చూస్తాం. సంచికి దారి తెలియదు. ఏ జంక్షనులో ఉన్నవాడికి ఆ జంక్షను నుంచి ముందుకు ఎటో తెలిస్తే చాలు. నీ ముక్కలూ అంతే అయి ఉండాలి. తేడా ఒకటే. దారిలో చిరిగిన ఉత్తరాన్ని మేము మళ్ళీ రాయలేము. కంప్యూటరు మళ్ళీ పంపమని అడుగుతుందట. మాకు ఆ అదృష్టం లేకపోయింది."

తర్వాతి రోజుల్లో, ఆ ముక్కలకు దారి చూపే రూటరు అంటే ఏమిటో చాలా పుస్తకాల్లో చదివాను. 'ఆ జంక్షను నుంచి ముందుకు ఎటో తెలిస్తే చాలు' అన్నదానికంటే తేలికగా ఎవరూ చెప్పలేదు.

చిరునామాల గురించి రాస్తే పిన్‌కోడు చెప్పారు. మొదటి అంకె ప్రాంతం, మూడు అంకెలు కలిస్తే సార్టింగు జిల్లా, చివరి మూడూ ఆఫీసు. చదివేవాడు ఆరంకెలూ చూడనక్కరలేదు, తన వంతు అంకె చూసి గడిలో పడేస్తే చాలు. "పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. పుట్టినరోజు ఒకటే గనుక ఇద్దరూ బంధువులే అనుకో" అని ముగించారు. ఆ కార్డు వేసిన వారం ఆర్.ఇ.సి. (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ) విద్యార్థులు నలుగురు ఆఫీసుకు వచ్చారు. అంతకుముందు నా శీర్షిక చదివి నవ్వుకుంటున్నామని ఉత్తరం రాసింది వాళ్ళే. పెద్దాయన ఇల్లు ఎక్కడని అడిగారు. నా ఇల్లు అడగలేదు.

*

1999 చివర్లో వచ్చిన ఉత్తరాలన్నీ ఒకటే గోల. సంవత్సరాన్ని రెండంకెలతో దాచుకున్న కంప్యూటర్లు 2000ను 1900 అనుకుంటాయని, బ్యాంకులు ఆగుతాయని, విమానాలు కూలతాయని పత్రికలు రాశాయి. మేమూ రాశాం. నేనే రాశాను, కాస్త ఉప్పూ కారం తగిలించి. జనగామ నుంచి ఒక రైతు అడిగాడు, బోరు మోటారు నడుస్తుందా అని. ఒక తల్లి తన కొడుకు అమెరికాలో ఇదే పని మీద ఉన్నాడని, అర్ధరాత్రి వాడికేమీ కాదు కదా అని రాసింది. ఆ ఉత్తరాలు రెండూ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. భయపెట్టడం ఇంత తేలికా అనిపించింది.

పెద్దాయన కార్డు మాత్రం చిన్నది. "మీరు రాసిన దానిలో ఎంత మీకు తెలిసినది, ఎంత మీరు విన్నది? రెండింటినీ వేరు వేరు గళ్ళలో వేయవలెను."

అర్ధరాత్రి గడిచింది. దీపాలు ఆరలేదు, యంత్రం కింద తిరుగుతూనే ఉంది. ప్రపంచం మొత్తంలో దెబ్బతిన్నది, నాకు తెలిసినంతలో, మా రెండో నంబరు కంప్యూటరు ఒక్కటే. పొద్దున్న ఆన్ చేస్తే తేదీ 1980 జనవరి 4 అని చూపించింది. దాన్ని నడిపే కుర్రవాడు, "అన్నా, దీని లెక్కన నేనింకా పుట్టలేదు, సెలవిస్తావా" అని అడిగాడు.

*

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన మెట్లెక్కి వచ్చారు. పొట్టి మనిషి. తెల్ల ధోతి, చేతిలో గొడుగు, జేబులో రెండు పెన్నులు. పేరు చెప్పగానే గబగబా లేచి కుర్చీ వేశాను. మంచినీళ్ళు తాగి, జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు. కవరు మీద ఎల్కతుర్తి అమ్మాయి పేరు. అడ్డంగా గీత కొట్టి, 'ఇట్టి పేరు గలవారు ఈ ఊరిలో లేరు' అని పోస్టుమాన్ రాత. తిరిగి వచ్చిన ఉత్తరం.

నాకు చెమట్లు పట్టాయి.

"ఆ ఊరి పోస్టుమాస్టరు నాకు తెలిసినవాడే. ఇల్లిల్లూ అడిగించాను" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "మొదటి వారమే అనుమానం వచ్చింది. మీరు ఎల్కతుర్తి, వరంగల్ జిల్లా అని వేశారు. అది కరీంనగర్ జిల్లా. 505లోకి వస్తుంది, 506 కాదు. ఆ ఊరి పిల్ల తన జిల్లా తప్పు రాయదు."

"సార్, ఆ అమ్మాయి..." అన్నాను. ముందుకు మాట రాలేదు.

"మీరేనా?"

తలూపాను.

కాసేపు కింద యంత్రం చప్పుడు విన్నాం ఇద్దరం. తర్వాత ఆయన, "ప్రశ్నలు బాగుండేవి" అన్నారు. "తెలియక అడిగినవే కదా అవి?"

"అవును సార్. నాకు నిజంగానే తెలియదు."

"మరి మీ పేరుతో అడగవచ్చు కదా! తెలియదని చెప్పుకోవడానికి ఒక ఆడపిల్లను అడ్డం పెట్టుకోవడం ఎందుకు?" అని, కవరు నా వైపు జరిపారు. "ఇది మీకు రావలసిందే. చిరునామా తప్పు పడింది, అంతే."

కవరులో ఠావు కాగితమంత పెద్ద బొమ్మ. పెన్సిలుతో గీసి, మీద సిరాతో దిద్దారు. ఎల్కతుర్తిలో ఒక ఇల్లు. అక్కడి నుంచి గీతలు హనుమకొండకు, కాజీపేటకు, బొంబాయికి, సముద్రం దాటి అమెరికాలో ఒక ఇంటికి. ప్రతి మజిలీ దగ్గర చిన్న గళ్ళ బీరువా. మళ్ళీ అక్కడి నుంచి జవాబు తిరిగి వచ్చే గీతలు, ఎర్రరంగులో. కింద ఒక వాక్యం: "ఇందులో ఒక చోట నాకు సందేహమున్నది. ఎక్కడ తప్పున్నదో చెప్పగలవా?"

*

తర్వాతి వారం ప్రశ్న నా పేరు మీద వేశాను. సంపాదకుడు మండిపడ్డారు. ఉపసంపాదకుడికి తెలియదన్న సంగతి పాఠకుడికి చెప్పుకుంటామా అన్నారు. ఆ వారం వచ్చినన్ని ఉత్తరాలు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. సగం మంది జవాబులు చెప్పారు, సగం మంది కొత్త ప్రశ్నలు వేశారు, అన్నీ నిజమైన ఊళ్ళ నుంచే. నాలుగు నెలలు అలా నడిచింది. తర్వాత ఆ పావు పేజీలోకి చీరల దుకాణం ప్రకటన వచ్చింది, శీర్షిక పోయింది. మరి రెండేళ్ళకు పత్రికే పోయింది.

నేను హైదరాబాదు వెళ్ళి, పత్రికలను ఇంటర్నెట్‌లో పెట్టే పనిలో పడ్డాను. అక్కడ పాఠకుల ఉత్తరాలు ఈమెయిల్లో వచ్చేవి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. కల, కాల, కళ అన్నీ ఒకేలా కనిపించేవి. ఒకాయన మా వ్యాసం చదివి పాడానన్నాడో, పడ్డానన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ప్రతి పత్రికకూ సొంత ఫాంటు, అది దించుకోకపోతే తెర మీద మళ్ళీ అదే డాలరు గుర్తుల సమీక్షా సమావేశం. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటిచ్చారు. కానీ విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, మామూలు మనిషి కంప్యూటరులో తెలుగు తెలుగులా కనబడటానికి ఇంకో పదేళ్ళు పట్టింది. తెలుగుకు కేటాయించినవి 128 గళ్ళు. అది మొదటిసారి చదివినప్పుడు పెద్దన్న కేసులూ, పెద్దాయన బీరువా రెండూ గుర్తొచ్చాయి. అన్ని వందల గళ్ళను 128లో సర్దారంటే పెద్దన్న నమ్మేవారు కాదు. గుణింతాన్నీ ఒత్తునూ విడిగా దాచి, చూపించేటప్పుడు కలుపుతారని చెబితే, "అయితే విడిపోయి ఎవడి చొక్కాకో అంటుకుంటుంది" అనేవారు. అన్నంత పనీ జరిగేది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో 'ట్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టకపోతే 'వ' వెళ్ళి 'ట' కింద ఒత్తుగా వేలాడుతుంది. సాంకేతిక వార్తలు రాసే పేజీలో సాఫ్ట్‌వేర్ అన్న మాటే సరిగా పడేది కాదు చాలాకాలం.

ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఉపగ్రహాల మీద వెయ్యి మాటల వ్యాసం పెడితే అర నిమిషంలో కింద స్పందన పడుతుంది. అర నిమిషంలో వెయ్యి మాటలు ఎవరు చదివారని మా కుర్రవాళ్ళను అడిగాను. చదవరు సార్, శీర్షిక చూసి రాస్తారన్నారు. వాటికి పేరుండదు, ఊరుండదు. ఉన్నా నేను నమ్మను. దొంగ పేర్ల విద్యలో నేను వాళ్ళకంటే పాతవాణ్ణి.

*

ఆ బొమ్మలో తప్పు నాకు దొరకడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. హైదరాబాదులో ఒక నెట్‌వర్కు ఇంజనీరు పక్కన కూర్చుని, మన దగ్గర నుంచి ఒక కంప్యూటరుకు మధ్యలో ఏయే మజిలీలు ఉన్నాయో చూపించే ట్రేస్‌రూట్ అనే ఆజ్ఞను చూస్తున్నాను. "ఇది పోయే దారే. వచ్చే దారి ఇదే కావాలని లేదు. జవాబు ఇంకో వైపు నుంచి తిరిగి రావచ్చు" అన్నాడు అతను మామూలుగా. నేను లేచి నిలబడ్డాను.

పెద్దాయన ఎర్ర గీతలు నల్ల గీతల వెంటే తిరిగి వచ్చాయి. ఆయన బండ్లు అలాగే కదా, వెళ్ళిన పట్టాల మీదే వెనక్కి వచ్చేవి.

ఆ ఆదివారమే కాజీపేట వెళ్ళాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని కందులు ఏరుతున్నారు. చూపు తగ్గింది. నేను రాసుకొచ్చిన కాగితం చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "అక్కడే. నా సందేహమూ అక్కడే" అన్నారు. "పోయిన దారిన రావలసిన పని దానికి లేదు. పట్టాలుంటే కదా!" తర్వాత కాగితం తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. చేరిన ఉత్తరం మీద పోస్టాఫీసు వేసే ముద్రలా మూలన గుండ్రంగా గీత గీసి, అందులో 'కాజీపేట' అని, ఆ రోజు తేదీ వేశారు. "మూడేళ్ళు ఆలస్యం. అయినా మా శాఖలో అంతకంటే ఆలస్యంగా చేరినవి చూశాను" అన్నారు.

2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎల్కతుర్తి మండలం వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది. ఇప్పుడది హనుమకొండ జిల్లా. ఆ సంగతి పేపర్లో చూసి ఆయనకు ఫోను చేసి, "సార్, నా తప్పును ప్రభుత్వం దిద్దింది" అన్నాను. అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. "జిల్లా మార్చారు గానీ పిన్‌కోడు మార్చలేదు. నువ్వింకా తప్పే" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు.

ఫైలు చివరి దాకా తిప్పాను. శీర్షికలన్నీ వరసగా ఉన్నాయి, ఎల్కతుర్తి అమ్మాయివి ముందు, నావి తర్వాత. అన్నిటికీ అడుగున ఆ బొమ్మ, దానికి గుండుసూదితో నా జవాబు, మూలన ఎర్ర ముద్ర. నేను ఆయనకు ఇచ్చింది జవాబు ఒక్కటే. బొమ్మ నా దగ్గరే ఉందనుకున్నాను. దగ్గరగా చూస్తే ఇది వేరే బొమ్మ. మళ్ళీ గీశారు. ఇందులో ఎర్ర గీతలు బొంబాయి ముఖం చూడకుండా, మద్రాసు మీదుగా వచ్చి కాజీపేటలో చేరుతున్నాయి.

"బిడ్డా, చాయ్ చల్లారిపోతోంది" అన్నది లోపలి నుంచి ఆయన భార్య.